ఇరవై రెండు నిమిషాల ఇల్లు

ఇరవై రెండు నిమిషాలట! ఎవరి చెవిలో పువ్వు పెడదామని? రైలు ఇంకా రేపల్లె స్టేషన్లోనే ఉంది. కిటికీ పక్కన తన మామూలు సీట్లో కూలబడి, రెండు మోకాళ్ళ మీదా రెండు అరచేతులు పెట్టుకుని, మూడు రోజులుగా నములుతున్న మాటనే సల్మా మళ్ళీ నమలడం మొదలుపెట్టింది. తెనాలిలో రావమ్మ గారి ఇంటి కింది వాటా. రెండు గదులు, వంటిల్లు, ముందు చిన్న వరండా, మెట్లు లేవు. అక్కణ్ణించి తను పనిచేసే బట్టల షాపుకి నడిచి వెళ్ళొచ్చు. బ్రోకరు వినోద్ కుమార్ పది నిమిషాలన్నాడు. బ్రోకరు నోట్లో పదంటే పదిహేను అనుకోవాలి గనక పోయిన వారం తనే నడిచి చూసుకుంది, ఈ పాడు మోకాళ్ళతోనే, పన్నెండు పట్టింది. ఆదివారం ఆ మహానుభావుడు, తన మొగుడు నాగూర్ బాషా, ఒక్కడే వెళ్ళి చూసొచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం తిని, చెయ్యి తుడుచుకుని, అప్పుడు నోరు విప్పి చెప్పిన మాట ఇరవై రెండు. ఇల్లెలా ఉందంటే బాగానే ఉంది. గాలి వస్తుందా అంటే వస్తుంది. షాపు దాకా ఇరవై రెండు నిమిషాలు. ఆ మూడు ముక్కలతో ఆదివారం అయిపోయింది. ఇవాళ బుధవారం. పదింటిలోపు అవునో కాదో చెప్పమని రావమ్మ గారు గడువు పెట్టారు, ఇంకో పార్టీ తాళం కోసం కాచుకుని ఉందట.

బండి ఒక్క కుదుపుతో కదిలింది. ఆ కుదుపు సరిగ్గా ఎడమ మోకాలి చిప్ప కిందకి వచ్చి కూర్చుంది. నిజాంపట్నం చేపల బుట్టలు తలుపు దగ్గర వరసగా ఉన్నాయి, నీళ్ళు కారుతున్నాయి, మొదట్లో ఈ వాసనకి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేది, ఇప్పుడు వాసన లేని రోజున బుట్టలవాళ్ళకి ఒంట్లో బాగాలేదేమోనని అనుకుంటుంది. పందొమ్మిదేళ్ళు. నాలుగున్నరకి లేవడం, పొయ్యి, టిఫిను డబ్బాలు, నమాజు, ఆటో కోసం మూల దాకా పరుగు, స్టేషను, ఈ సీటు, తెనాలి, షాపులో మ్యాచింగ్ కౌంటరు. చీర పట్టుకొచ్చి దీనికి జాకెట్టు ముక్క కావాలి అంటారు, అచ్చం ఇదే రంగు అంటారు, తీసి చూపిస్తే ఒక్క వన్నె తగ్గిందంటారు, వీధిలోకి తీసుకెళ్ళి ఎండలో చూస్తారు, మళ్ళీ లోపలికొచ్చి ఇంకోటి తియ్యమంటారు. పొద్దుగూకులూ నిలబడే ఉండాలి. కౌంటరు వెనక స్టూలు ఒకటుంది గానీ రద్దీలో దాని మీద అట్టపెట్టెలే కూర్చుంటాయి. మోకాళ్ళ అరుగుదల అని డాక్టరు ఫోటో తీసి చూపించాడు, మెట్లు ఎక్కొద్దు, ఎక్కువసేపు నిలబడొద్దు, ప్రయాణాలు తగ్గించు అన్నాడు, సరే సార్ అని వచ్చేసింది. ఏం తగ్గిస్తుంది? ఉద్యోగం నిలబడటం, ఇల్లు ప్రయాణం, రేపల్లెలో స్టేషనుకి నాపరాళ్ళ మెట్లు.

అసలు రేపల్లెలో ఆ ఇల్లెందుకు తీసుకున్నామో తలుచుకుంటే నవ్వొస్తుంది. బడి పక్కనని. సమ్రీన్‌కి ఆరేళ్ళు, నాసిర్‌కి రెండు. ఆడపిల్ల రోడ్డు దాటకుండా బడికి పోవాలని అంత దూరం తీసుకున్నారు, స్టేషనుకి అంత ఎడంగా. ఇంట్లో కూర్చుంటే బడి గంట వినిపించేది, రెండో గంట కొట్టాక కూడా సమ్రీన్ జడ వేయించుకుంటూ ఉండేది, రిబ్బను నోట్లో పెట్టుకుని. ఇప్పుడు సమ్రీన్ బాపట్లలో కాపురం చేసుకుంటోంది, నాలుగేళ్ళయింది. నాసిర్ జూన్‌లో వడ్లమూడిలో ల్యాబు ఉద్యోగంలో చేరి, ఇద్దరు స్నేహితులతో గది తీసుకుని, మంచం కూడా అక్కడే కొనుక్కున్నాడు. మంచం కొన్నాడంటే ఇక రాడు. ఇంటికి గంట ఒక్కటే మిగిలింది, తొమ్మిదింటికి మోగుతుంది, ఎవరికోసమో. అందుకే పోయిన నెల ఒకరోజు అన్నం దగ్గర అంది, ఇన్నాళ్ళూ పిల్లల కాళ్ళకి కొలిచి ఇల్లు తీసుకున్నాం, ఈసారి మన కాళ్ళకి కొలుద్దాం అని. ఎంత బాగా అన్నానో అనుకుంది లోపల. ఆ మనిషి ముద్ద మింగి, నీళ్ళు తాగి, నీ ఇష్టం అన్నాడు.

నీ ఇష్టం. ఈ మాటని కనిపెట్టినవాణ్ణి చూపిస్తే రెండు చేతులా దణ్ణం పెట్టేది. వినడానికి ఎంత మర్యాదగా ఉంటుంది! అబ్బ, మీ ఆయన నిన్ను పల్లెత్తు మాట అనడే అంటారు షాపులో ఆడవాళ్ళు. అనడు మరి, అనడానికి ముందు అనుకోవాలిగా. పిల్లని ఏ బడిలో వేద్దాం, నీ ఇష్టం. నాసిర్‌కి ఇంటరా, డిప్లొమానా, నీ ఇష్టం. బాపట్ల సంబంధం వచ్చింది, పిల్లాడికి సెల్‌ఫోన్ల కొట్టుంది, అత్తగారు కాస్త గట్టి మనిషిలా ఉంది, ఏమంటారు, నీ ఇష్టం. మంచయితే ఇద్దరిదీ, చెడయితే తనొక్కదానిదీ. మోసేది ఇల్లయినా పిల్లలయినా ఒక చెయ్యి ఇటు వేస్తే కదా బరువు తెలియకుండా ఉండేది. అలిసిపోయింది. నిద్ర పోతే తీరే అలసట కాదు, ఏదో ఒకటి ఇంకెవరన్నా తేల్చి చెబితే తీరే అలసట. కూర ఏం వండాలో ఒక్కరోజు ఆయన నోటితో చెబితే చాలు, ఆ కూరలో ఉప్పు వెయ్యకపోయినా తినేది.

పల్లికోన దాటింది, కాలవ, పొలాల్లో నాట్లేసేవాళ్ళ వంగిన నడుములు. బాపట్ల సంగతి కూడా చూడకపోలేదు. సమ్రీన్ రోజూ ఫోనే, అమ్మీ, మా వీధిలోనే వాటా ఖాళీ అయింది, అబ్బాకి ఇక్కడ కుట్టు మిషను పెట్టిస్తాం, నువ్వు రైల్లో నలభై నిమిషాల్లో తెనాలి పోవచ్చు, బండ్లు బోలెడు. నిజమే, మెయిన్ లైను, బండ్లకి కరువు లేదు. సాయంత్రం సముద్రపు గాలి. మనవరాలు చంక దిగదు. ఇద్దరూ వెళ్ళి చూశారు. ఇంటినించి స్టేషనుకి రెండు కిలోమీటర్ల పైమాటే, పొద్దున ఆటోవాడికోసం పడిగాపులు, వెరసి రేపల్లెలో పడిన బాధే బాపట్లలో పడటం. పైగా సమ్రీన్ అత్తగారు టీ అందిస్తూ, రండమ్మా, మీకూ పిల్ల దగ్గర ఉన్నట్టుంటుంది, పిల్లకీ పని కలిసొస్తుంది అంది. నవ్వుతూనే అంది. కూతురి వీధిలో ఉంటే కూతుర్ని చూసుకోవడం కాదు, ఆ ఇంటి పనిలో పొత్తు కుదరడం అని అప్పుడే అర్థమైంది. రైల్లో తిరిగొస్తూ మీరేమంటారు అని ఆయన్ని అడగబోయి, జవాబు తెలిసిన ప్రశ్న ఎందుకులే అని మానుకుంది.

భట్టిప్రోలులో సౌజన్య ఎక్కింది. తెనాలిలో ఒక బ్యాంకులో చేస్తుంది, పెళ్ళయి ఏడాది, ఎక్కగానే పిన్నీ జరగండి అని పక్కన ఇరుక్కుంటుంది. ఇవాళే కదా చెప్పాల్సింది, ఏం అనుకున్నారు అని అడిగింది. ఈ పెట్టెలో ఎవరికి తెలియదు సల్మా ఇంటి సంగతి! సల్మా ఇరవై రెండు నిమిషాల కథ చెప్పింది. సౌజన్య ఫోన్ తీసి అటూ ఇటూ జరిపి, షాపు పెట్టి, రావమ్మ గారి వీధి పెట్టి, పదకొండు నిమిషాలే చూపిస్తోంది పిన్నీ అంది.

"ఫోనుకేం తెలుసమ్మా, దానికి మోకాళ్ళా పాడా" అంది సల్మా.

"మరి బాబాయికి అంతసేపు ఎందుకు పట్టింది?"

"రావడం ఇష్టం లేక పట్టింది."

నోటినించి ఊడిపడ్డాక తెలిసింది, మూడు రోజులుగా లోపల తిరుగుతున్నది ఇదేనని. సౌజన్య తల సల్మా భుజం మీద ఆనించి కళ్ళు మూసుకుంది. చిన్నది, దానికీ నిద్ర చాలడం లేదు.

ఇష్టం లేక. అంతే కదా మరి. ఆయన కొట్టు రేపల్లెలో, ముప్ఫై ఏళ్ళ మిషను అక్కడ, ఎదురుగా టీ, పక్కన మసీదు, వచ్చేపోయేవాళ్ళ కొలతలన్నీ చిట్టీ లేకుండా నోటికొచ్చు. తెనాలి వస్తే ఆయన రోజూ ఈ బండెక్కాలి, తను తిరిగిన తిరుగుడు ఆయన తిరగాలి. ఎవరికి ఇష్టముంటుంది? లేదని ఒక్క మాట చెప్పొచ్చు. చెప్పడు. పన్నెండు నిమిషాల దారిని ఇరవై రెండు చేసి తెచ్చి ముందు పడేస్తాడు, తనే విసిగి వద్దనాలని. ఆదివారం రాత్రి తనూ ఊరుకోలేదు. రాకూడదనుకుంటే రానని చెప్పండి, కాళ్ళీడ్చుకుంటూ నడిచి లేనిపోని లెక్కలు చెప్పకండి అంది. నా లెక్క నాది అన్నాడు ఆయన. తర్వాత దిండు సర్దుకుంటూ, నీ ఇష్టం. అప్పటినించీ ఇంట్లో మాటల్లేవు. గిన్నెల చప్పుడూ మిషను చప్పుడే.

వేమూరు దాటాక కళ్ళు మూతలు పడుతున్నాయి. మనిషి తీరే అంత, ఒక్కటీ ఒంటికి అతికినట్టు చెయ్యడు. జూన్‌లో యూనిఫాం కుడితే సమ్రీన్ అద్దం ముందు నిలబడి ఏడ్చేది, అబ్బా, ఇది గోనెసంచి అని. భుజాలు జారేవి, గౌను మోకాళ్ళ కిందకి వచ్చేది. ఊరందరికీ కొలత తప్పకుండా కుట్టే మనిషి ఇంట్లోవాళ్ళకొచ్చేసరికి వదులు. లోపల అంగుళమున్నర గుడ్డ వదలందే కుట్టు వెయ్యడు. మార్చి వచ్చేసరికి ఆ గౌనే పిల్లకి సరిపోయేది, అప్పటికి బడి అయిపోయేది. సమ్రీన్ పెళ్ళి జాకెట్టు ప్రసవమయ్యాక పట్టకపోతే ఓ పూటలో విప్పి పెద్దది చేసి ఇచ్చాడు. తన జాకెట్లు ఎన్నిసార్లు విప్పాడో లెక్కే లేదు. ఒళ్ళు ఇవాళున్నట్టు రేపుండదు, బట్టకి ఆ సంగతి ముందే చెప్పుంచాలి అంటాడు. అదొక్కటే ఆయన జీవితంలో చెప్పిన పెద్ద మాట, అదీ కుట్టించుకోవడానికొచ్చినవాళ్ళకి చెప్తుంటే తను పక్కనించి విన్నది. చొక్కా జేబులో ఎప్పుడూ నీలం చాక్ ముక్క, ఉతికేటప్పుడు చూడకపోతే జేబంతా నీలం, ఎన్ని చొక్కాలు పాడయ్యాయో. సోమవారం కూడా ఆదివారపు చొక్కా ఉతుకుతుంటే జేబులో చాక్ అరిగిపోయి గోరంత మిగిలింది, తెల్ల చొక్కా పోయింది, కోపంలో ఆ ముక్కని తూములోకి విసిరేసింది.

జంపని. చినరావూరు. ఇంక పదే నిమిషాలు. చాలు. వద్దని చెప్పేస్తుంది. తెనాలీ వద్దు, బాపట్లా వద్దు, ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. ఇష్టంలేని మనిషిని లాక్కొచ్చి, రోజూ పొద్దున ఆయన ముఖం మాడ్చుకుని రైలెక్కుతుంటే చూస్తూ తను హాయిగా షాపుకి నడవగలదా? ఇంకో ఏడెనిమిదేళ్ళు ఈ సీటు, ఈ బుట్టలు, నాలుగున్నర. మోకాళ్ళు ఎన్నాళ్ళు వస్తే అన్నాళ్ళు. ఆ మాట అనుకోగానే ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు, ఆవులింత వచ్చింది.

తెనాలిలో దిగి వంతెన మెట్లు ఒక్కోటీ లెక్కపెట్టుకుంటూ దాటింది. ఫోన్లో చెప్పేయొచ్చు గానీ, పెద్దావిడ, తనని ముందుగా అడిగి గడువిచ్చిన మనిషి, మొహం చూపించి వద్దనడం మర్యాద. షాపు షట్టరు ఇంకా సగమే ఎత్తి ఉంది. అక్కణ్ణించి ఎడమకి తిరిగి రావమ్మ గారి వీధి దారి పట్టింది. నాలుగు నిమిషాలు నడిచిందో లేదో ఎడమ మోకాలు పట్టేసింది. మూసి ఉన్న బియ్యం కొట్టు అరుగు కనిపిస్తే గోడ పట్టుకుని కూర్చోబోయింది. అరుగు అంచున, సరిగ్గా కూర్చోబోయే చోట, నీలం గీత. చిన్న అడ్డగీత, దాని మీద ఇంకో గీత. పిల్లలెవరో గీసుంటారు అనుకుంది. కూర్చుని మోకాలు నిమురుకుంది. కూర్చున్నాక గీతని మళ్ళీ చూసింది. పిల్లల గీత వంకరగా ఉంటుంది, ఇది బట్ట మీద గీసినట్టు ఒక్క విసురులో గీసింది. ఇంతదాకా కుట్టు, మిగతాది లోపల వదలాలి అని ఆయన పెట్టే గుర్తు. ఇరవై ఏడేళ్ళుగా తను చూస్తున్న గుర్తు.

లేచి నడిచింది. ఈసారి నేల చూడటం లేదు, అరుగులూ గట్లూ చూస్తోంది. మునిసిపల్ కుళాయి గట్టు మీద ఇంకోటి. ఇస్త్రీ బండి పక్కన సిమెంటు బల్ల మీద ఇంకోటి, సగం చెరిగిపోయి. నాలుగోది రావమ్మ గారి వీధి మలుపులో, ఎవరిదో గేటు పక్క దిమ్మ మీద. ప్రతిచోటా ఆగింది. నొప్పి లేకపోయినా కూర్చుంది.

రావమ్మ గారు వరండాలో పూలు కడుతున్నారు. సల్మా నోరు తెరవకముందే ఆవిడే అందుకున్నారు. "మీ ఆయన చిత్రమైన మనిషమ్మాయ్. ఆదివారం ఇల్లు చూడటానికొచ్చి ఇల్లు అయిదు నిమిషాలు చూశాడు, దారి మూడుసార్లు నడిచాడు. ఎర్రటి ఎండలో. అరుగు కనిపిస్తే కూర్చోడం, వాచీ చూసుకోడం, గీత గీయడం, మళ్ళీ లేవడం. ఏంటి నాయనా, ఒంట్లో బాగాలేదా అని మంచినీళ్ళిచ్చా."

"ఏమన్నారండి?"

"మా ఆవిడ ఇప్పుడు పన్నెండు నిమిషాల్లో నడుస్తుందండి, ఇంకో పదేళ్ళకి ఎంత పడుతుందో చూస్తున్నా అన్నాడు. ఆ మధ్యలో ఎక్కడెక్కడ కూర్చోవచ్చో చూసుకోవాలి గదండి అన్నాడు. పొద్దున ఏడింటికి రేపల్లె బండి ఉందా అని కూడా అడిగాడు."

సల్మా వరండా మెట్టు కోసం చూసింది, మెట్టు లేదు, ఈ ఇంటికి మెట్లు లేవనే కదా నచ్చింది. గోడకి ఆనుకుని నిలబడింది. అప్పుడొచ్చింది రైల్లో రాని ఏడుపు. టైలరు పెళ్ళాం అయ్యుండి, ఇరవై ఏడేళ్ళు లోపల వదిలిన గుడ్డ తొడుక్కుని తిరిగి, ఆ పది నిమిషాలు ఏంటో తెలుసుకోలేకపోయింది. ఇష్టం లేదనుకుంది. గోరంత చాక్ ముక్కని తూములో పారేసింది. ఎంత బుద్ధి తక్కువ మనిషిని నేను అనుకుంది, ఎంత సంతోషమేసిందో చెప్పలేక మళ్ళీ అదే అనుకుంది. రావమ్మ గారు పూల బుట్ట పక్కకి జరిపి కుర్చీ లాగారు.

ఫోన్ చేసింది. అవతల మిషను చప్పుడు.

"ఏంటి?" అన్నాడు నాగూర్ బాషా. మూడు రోజుల తర్వాత మొదటి మాట.

"రావమ్మ గారింట్లో ఉన్నా. ఏం చెప్పమంటారు?"

"నీ ఇష్టం."

"నా ఇష్టం తర్వాత. ముందు మీ ఇష్టం చెప్పండి."

మిషను ఆగింది. రేపల్లె వీధిలో ఏదో ఆటో పోయింది, ఎవరో దగ్గారు, దూరంగా బడి గంట మోగింది. పెట్టేశాడేమోనని సల్మా ఫోను చెవినించి తీసి చూసి మళ్ళీ పెట్టుకుంది.

"ఏడింటి బండికి నేను పోతాలే" అన్నాడు. "నువ్వింకాసేపు పడుకో."

సల్మా కొంగుతో మొహం తుడుచుకుంది. రావమ్మ గారి వైపు తిరిగి, ఇంటిని ఇంకోసారి చూపించమంది. లోపలికి వెళ్ళి మొదటి గదిలో ఒక నిమిషం నిలబడింది, రెండో గదిలో నిలబడింది, కిటికీ తలుపు తీసి మళ్ళీ వేసింది.

"వీటిల్లో పొద్దున్నే ఎండ పడని గది ఏదండి?" అని అడిగింది.